పాత ఉప్పాడ చీర, ఎనిమిది కోణాల నక్షత్రం: అతుకుల బొంత కుట్టడం ఎలా?

కాకినాడ జిల్లా కొత్తపల్లి మండలంలో, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు ఉప్పాడ. ఇక్కడి జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. నిఖాకో, వలీమాకో కొన్న ఉప్పాడ చీర చాలా ఇళ్లలో బీరువాలో భద్రంగా ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది మడతల దగ్గర చిట్లిపోతుంది. కట్టుకోలేం, పారేయలేం. అమ్మీదో, నానీదో అయితే చేతులు అసలే రావు. అలాంటి చీరలో బాగున్న ముక్కను నిలబెట్టే దారి అతుకుల బొంత. కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్లు కూడా ఒక రోజులో పూర్తి చేయగల నక్షత్రపు గడి గురించి ఈ వివరాలు.

జాందానీ, బొంత, నక్షత్రం

'జాందానీ' పారసీ మాట. పూలు పెట్టే పాత్ర అని దాని అర్థంగా చెబుతారు. మొగలుల ఆదరణలో ఢాకా మగ్గాల మీద ఈ నేత వెలిగింది. బంగ్లాదేశ్ జాందానీ నేతను 2013లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. నేసేటప్పుడే అదనపు పేక దారాన్ని చేత్తో చొప్పించి బుటా తీయడం ఇందులోని ప్రత్యేకత.

పాతబట్టల ముక్కలు కలిపి కుట్టడం మనకు కొత్త కాదు. తెలుగులో బొంత, ఉర్దూలో గుదడి. సింధ్‌లో దీన్ని రల్లీ అంటారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ మహిళలు కుట్టేది కవంది. ఇక్కడ చెప్పే నక్షత్రం అమెరికా బొంతల్లో బాగా వాడుకలో ఉన్నది. అంచులు రంపపు పళ్లలా ఉంటాయి కాబట్టి 'సాటూత్ స్టార్' అంటారు. దీనికి ఎనిమిది కోణాలు. రెండు చతురస్రాలను ఒకదానిపై ఒకటి తిప్పి పెడితే వచ్చే ఎనిమిది కోణాల గుర్తు మదీనా ముద్రణ ఖుర్ఆన్ ప్రతుల్లో కనిపిస్తుంది. ఆకారం అచ్చంగా అదే కాకపోయినా, మన కంటికి అలవాటైన రూపమే.

ఏ బట్ట తీసుకోవాలి?

మొదటిసారి నూలు బట్టతోనే కుట్టాలి. పట్టు జారుతుంది, కొలత తప్పుతుంది. నక్షత్రానికి ముదురు రంగు, నేపథ్యానికి లేత రంగు పావు మీటరు చొప్పున చాలు. ముందే ఉతికి, ఆరబెట్టి, కొద్దిగా గంజి పెట్టి ఇస్త్రీ చేసుకోవాలి. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది.

జాందానీ ముక్కను నడిమి గడికి మాత్రమే వాడితే మంచిది. బుటా మధ్యలోంచి కత్తెర వేస్తే అదనపు పేక దారాలు ఊడి వస్తాయి. అందుకే బుటా మొత్తం గడిలో ఉండేలా చూసుకోవాలి. పట్టు వెనుక పల్చటి ఫ్యూజింగ్ గుడ్డను తక్కువ వేడితో అతికించి, ఆ తర్వాతే కత్తిరించాలి.

కత్తిరించాల్సిన ముక్కలు (కుట్టు జాగాతో కలిపి)

- నడిమి గడి: 6½ అంగుళాల చతురస్రం 1
- నక్షత్రపు కోణాలకు ముదురు రంగు: 3½ అంగుళాల చతురస్రాలు 8
- నేపథ్యానికి లేత రంగు: 3½ × 6½ అంగుళాల ముక్కలు 4
- నాలుగు మూలలకు లేత రంగు: 3½ అంగుళాల చతురస్రాలు 4

మొత్తం 17 ముక్కలు. కుట్టు జాగా అంతటా పావు అంగుళమే. మిషను సూది నుంచి పావు అంగుళం కొలిచి, పళ్లెం మీద టేపు ముక్క అంటిస్తే బట్ట అంచు దాని వెంటే నడుస్తుంది. నూలుకు 14 నంబరు సూది, పట్టుకు 11 నంబరు సరిపోతాయి.

కుట్టే వరస

1. ఎనిమిది ముదురు చతురస్రాల వెనుక వైపున మూల నుంచి మూలకు పెన్సిలుతో గీత గీయాలి.

2. లేత రంగు పొడవు ముక్కను అడ్డంగా పరిచి, కుడి చివర ఒక చతురస్రం పెట్టాలి. మంచి వైపులు ఎదురెదురుగా ఉండాలి. గీత పైఅంచు మధ్య నుంచి కింది కుడి మూలకు దిగాలి. గీత మీదే కుట్టాలి.

3. కుట్టుకు బయట పావు అంగుళం వదిలి పైమూలను కత్తిరించాలి. ముదురు ముక్కను బయటికి తిప్పి ఇస్త్రీ చేయాలి.

4. ఎడమ చివర కూడా ఇలాగే. ఈసారి గీత పైఅంచు మధ్య నుంచి కింది ఎడమ మూలకు రావాలి. మధ్యలో లేత రంగు త్రికోణం మిగులుతుంది. ఇలాంటివి నాలుగు చేసుకోవాలి.

5. అన్నింటినీ మూడు వరసలుగా పరచాలి. పైవరసలో మూల, త్రికోణపు ముక్క, మూల. నడిమి వరసలో త్రికోణపు ముక్క, పెద్ద గడి, త్రికోణపు ముక్క. కింది వరస పైదానిలాగే. లేత త్రికోణం మొన ప్రతిచోటా పెద్ద గడి వైపు చూడాలి.

6. ఒక్కో వరసను కుట్టి ఇస్త్రీ చేయాలి. పై, కింది వరసల్లో కుట్టు జాగాను మూలల వైపు, నడిమి వరసలో పెద్ద గడి వైపు మడవాలి. అప్పుడు వరసలు కలిపేటప్పుడు కుట్లు ఒకదానికొకటి ఎదురై సరిగ్గా కూర్చుంటాయి.

పూర్తయిన గడి 12½ అంగుళాలు రావాలి. పక్క గడితో కలిపాక 12 అంగుళాలు నిలుస్తుంది. అడ్డం నాలుగు, నిలువు ఐదు చొప్పున 20 గడులు కలిపితే 48 × 60 అంగుళాల పిల్లల బొంత తయారు.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

గడి చిన్నదైతే కుట్టు జాగా ఎక్కువ పోయినట్టే. కోణాల మొనలు తెగితే, వరసలు కలిపేటప్పుడు పావు అంగుళం దాటి లోపలికి కుట్టారని అర్థం. ఇస్త్రీపెట్టెను రుద్దకూడదు, పైనుంచి నొక్కాలి. రుద్దితే ఏటవాలు అంచులు సాగుతాయి. ఒకేసారి 20 గడులకు కత్తిరించకుండా, ముందు ఒక్కటి కుట్టి కొలిచి చూసుకుంటే బట్ట వృథా కాదు.

గడులు కలిపాక అడుగున అస్తరు, మధ్యలో పాత నూలు చీర పరిచి, కచ్చా కుట్టు వేసుకుని, ఆపైన చేత్తో దగ్గరదగ్గరగా కుట్టుకు రావాలి. చివరగా నాలుగు అంచులకు పట్టీ వేయాలి.

ఎవరు కప్పుకుంటారో ముందే ఆలోచించాలి

పురుషులు పట్టు ధరించడాన్ని ఇస్లాం నిషేధించింది. పరుపుగా, తలగడగా వాడటంపై ఇమాముల మధ్య అభిప్రాయభేదం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అనుమతించారు, ఇతరులలో ఎక్కువమంది వద్దన్నారు. కాబట్టి ఇంట్లో అందరూ కప్పుకునే బొంతను పూర్తిగా నూలుతో కుట్టడమే నిశ్చింత. పట్టు జాందానీ ముక్కతో చేసిన గడిని గోడకు వేలాడదీయవచ్చు, లేదా ఆడపిల్లకు కానుకగా ఇవ్వవచ్చు.

దైవప్రవక్త (స) తన బట్టలు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపారు. దుబారా వద్దని ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది. చిట్లిన చీరను బీరువాలో చివికిపోనివ్వడం కంటే, అందులో మిగిలిన ఒక్క బుటానైనా మనవరాలి చేతికి అందించడం మేలు. కత్తెర పట్టే ముందు చీరను పూర్తిగా పరిచి ఒక ఫొటో తీసి ఉంచుకోవాలి. కొంగులో ఒక ముక్కను కత్తిరించకుండా దాచుకుంటే, తర్వాత బాధపడే పని ఉండదు.