రెండో వారంలో అడగాల్సిన ప్రశ్న: కుంగుబాటు మందుల ఎంపికలో దుష్ప్రభావాల స్థానం

కుంగుబాటుకు వాడే మందుల్లో ఏది మేలైనదో తేల్చడానికి జరిగిన అతిపెద్ద ప్రయత్నాల్లో ఒకటి 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఆండ్రియా సిప్రియాని బృందం 522 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 1,16,477 మంది వయోజనుల వివరాలను కలిపి 21 మందులను పోల్చింది. ఇరవై ఒక్కటీ ప్లాసిబో అనే ఉత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. గుణం విషయంలో వాటిలో వాటికి ఉన్న తేడా స్వల్పం. మధ్యలో మానేసినవారి లెక్క దగ్గర మాత్రం తేడా పైకి తేలింది. క్లోమిప్రమిన్ ఇచ్చినవారిలో ఉత్తి మాత్ర ఇచ్చినవారి కంటే ఎక్కువమంది మానేశారు. ఫ్లూఆక్సెటిన్, అగోమెలటిన్ ఇచ్చినవారిలో తక్కువమంది మానేశారు.

గుణాన్ని బట్టి ఒక మందును ఎత్తి చూపలేనప్పుడు, ఎదుటి మనిషి దేన్ని ఓర్చుకోగలడన్నదే ఎంపికను నడిపిస్తుంది. అది చీటీ రాసేనాడు తెలియదు. మొదలుపెట్టిన పది పదిహేను రోజులకు, ఎవరైనా అడిగితే తెలుస్తుంది. దుష్ప్రభావాలను అడిగి తెలుసుకోవడమే మందు ఎంపికలో ప్రధాన భాగమనీ, మన దగ్గర వైద్యం తెగిపోతున్నది సరిగ్గా అక్కడేననీ ఈ వ్యాసం వాదన.

ఒక మందు పనిచేయకపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిధులతో సాగిన స్టార్-డి అధ్యయనం జవాబు వెతికింది. జాన్ రష్, మధుకర్ త్రివేది తదితరులు దాన్ని నడిపారు. 4,041 మంది చేరారు. అందరికీ మొదట సిటాలోప్రామ్ ఇచ్చారు. తగ్గనివారికి మందు మార్చడమో, మరొకటి జోడించడమో చేస్తూ నాలుగు మెట్ల దాకా తీసుకెళ్లారు. 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మొదటి మెట్టులో సుమారు మూడో వంతు మంది, రెండో మెట్టులో 30.6 శాతం కోలుకున్నారు. మూడు, నాలుగు మెట్లలో అది 13 శాతం చుట్టుపక్కలకు పడిపోయింది. రెండో మెట్టులో సెర్ట్రలిన్, బుప్రోపియాన్, వెన్లాఫాక్సిన్ మూడింటిలో దేనికి మార్చినా దాదాపు ఒకే ఫలితం వచ్చింది. మొత్తం మీద 67 శాతం కోలుకుంటారన్న అంకె పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. అది అందరూ చివరిదాకా వైద్యంలో నిలిచి ఉంటారన్న ఊహ మీద కట్టిన అంకె. వాస్తవంలో మొదటి మెట్టు తర్వాత 20.9 శాతం, రెండో దాని తర్వాత 29.7 శాతం, మూడో దాని తర్వాత 42.3 శాతం మంది తప్పుకున్నారు. 2023లో పిగాట్ బృందం ఆ సమాచారాన్నే అధ్యయనం తొలి ప్రణాళిక ప్రకారం మళ్లీ లెక్కించి, కోలుకున్నవారు 35 శాతమేనని బీఎంజే ఓపెన్ పత్రికలో ప్రకటించింది. రెండు అంకెల మధ్య వివాదం ఇంకా నడుస్తోంది. నా దృష్టిలో అంతకన్నా విలువైనది ఆ తప్పుకున్నవారి వరుస. ప్రతి సందర్శనలో లక్షణాలతో పాటు దుష్ప్రభావాలనూ కొలిచి నమోదు చేసిన అధ్యయనంలోనే ఇంతమంది జారిపోయారంటే, ఏమీ అడగని చోట ఎందరు జారిపోతారో ఆలోచించాలి.

అడగడానికీ అడగకపోవడానికీ తేడా ఎంతో స్పెయిన్‌లో మాంటెహో బృందం 1997లో చూపింది. సెరోటోనిన్ అనే నాడీ రసాయనం మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు వాడుతున్న 344 మందిలో లైంగిక ఇబ్బందుల గురించి తమంతట తాము చెప్పినవారు 14 శాతం. నేరుగా అడిగినప్పుడు 58 శాతం మంది ఉన్నాయన్నారు. తెలుగు నేల మీద ఈ దూరం ఇంకా పెద్దదై ఉంటుందనుకోవడానికి కారణాలున్నాయి. ప్రభుత్వాసుపత్రి ఓపీలో వెనక అత్తగారో అన్నయ్యో నిలబడి ఉండగా, మరో నలుగురు తలుపు దగ్గర ఎదురుచూస్తుండగా, కోరిక చచ్చిపోయిందని ఏ ఆడమనిషి చెప్పగలదు? మగవాడు దాన్ని తన లోపమనుకుని మందు మానేస్తాడే తప్ప డాక్టరు ముందు నోరు విప్పడు. కుంగుబాటు కూడా కోరికను చంపుతుంది కాబట్టి, మందుకు ముందు పరిస్థితి ఏమిటో అడగని వైద్యుడు తర్వాత కారణం తేల్చలేడు. తోడొచ్చినవారిని కాసేపు బయట కూర్చోమనడం ఖర్చులేని పని. అది చాలాచోట్ల జరగడం లేదు.

దుష్ప్రభావాలన్నీ ఒక తీరువి కావు. వాటికవే సర్దుకునేవి కొన్ని, మందు వాడినన్నాళ్లూ వెంట ఉండేవి కొన్ని. శరీరంలోని సెరోటోనిన్‌లో అత్యధిక భాగం పేగుల్లోనే ఉంటుంది. అందుకే ఎసిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు మొదలుపెట్టగానే కడుపులో తిప్పుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కువమందికి వారం రెండు వారాల్లో ఇది తగ్గిపోతుంది. సగం మోతాదుతో మొదలుపెట్టి, అన్నం తిన్నాక వేసుకుంటే ఓర్చుకోవడం సులువవుతుంది. నిద్ర చెడగొట్టే మాత్రను పొద్దునకు, మత్తు తెచ్చేదాన్ని రాత్రికి మార్చుకోవచ్చు. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పకపోతే, మేలు కనబడకముందే ఇబ్బంది కనబడుతుంది కాబట్టి, మందు పడలేదన్న నిర్ణయం ఇంట్లోనే జరిగిపోతుంది.

ఒక లక్షణం దగ్గర మాత్రం ఓపిక పట్టమని చెప్పకూడదు. మందు మొదలుపెట్టాక కాలు ఒకచోట నిలవని అశాంతి, కొత్తగా చిరాకు, చనిపోవాలన్న ఆలోచన పెరగడం కనిపిస్తే అదే రోజు వైద్యుణ్ణి కలవాలి. పిల్లలు, కౌమారుల విషయంలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో ఈ హెచ్చరికను మందుల సమాచార పత్రాల్లో తప్పనిసరి చేసి, 2007లో 24 ఏళ్లవారి దాకా విస్తరించింది. నిద్ర అవసరం లేనంత హుషారు, పట్టపగ్గాల్లేని ఖర్చు, మాటల వేగం కనిపిస్తే అది బైపోలార్ జబ్బు కావచ్చు. అప్పుడు వైద్యం దారే మారుతుంది.

వెంట ఉండిపోయే వాటిలో లైంగిక ఇబ్బంది, బరువు, చెమట, మనసు మొద్దుబారినట్టు ఉండటం ముఖ్యమైనవి. మోతాదు తగ్గించడమో మందు మార్చడమో ఇక్కడ దారి. బుప్రోపియాన్‌తో లైంగిక ఇబ్బంది తక్కువ, కానీ ఫిట్స్ ఉన్నవారికి అది పనికిరాదు. మిర్టజపిన్ నిద్రను, ఆకలిని తెస్తుంది. చిక్కిపోయి నిద్రలేని మనిషికి అది వరం, షుగరు ఉండి బరువు పెరుగుతున్న మనిషికి భారం. పాతకాలపు అమిట్రిప్టిలిన్ ఇప్పటికీ మన దగ్గర విరివిగా రాస్తారు. నోరెండిపోవడం, మలబద్ధకం దాంతో మామూలు. ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకు మూత్రం బిగుసుకుపోవచ్చు. బీపీకి నీరు పోయే మాత్ర వాడుతున్న వృద్ధులకు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తోడైతే ఒంట్లో సోడియం పడిపోయి, ఇంట్లోవాళ్లు మతిమరుపనుకునే అయోమయం రావచ్చు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ ఎస్‌ఎస్‌ఆర్‌ఐలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అదే షాపులో దొరికే ట్రమడాల్ వాటికి తోడై సెరోటోనిన్‌ను ప్రమాదకరంగా పెంచగలదు. చీటీ మీద లేని ఈ మాత్రల సంగతి అడిగితేనే బయటికొస్తుంది.

మోతాదు విషయంలో మనకు సొంత లెక్క అవసరం. సిటాలోప్రామ్, ఎసిటాలోప్రామ్‌లను కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ విడగొడుతుంది. అది బాగా మందగించినవారు యూరప్ ప్రజల్లో కంటే దక్షిణాసియాలో ఎక్కువ. వారి రక్తంలో అదే మోతాదు ఎక్కువగా పేరుకుంటుంది. గుండె లయ మీద ప్రభావం కారణంగా ఇలాంటివారికీ, 60 దాటినవారికీ సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములు మించకూడదని ఎఫ్‌డీఏ 2012లో సూచించింది. అందరికీ జన్యుపరీక్ష చేయించనక్కర్లేదు. తక్కువ మోతాదుకే తల్లడిల్లిన మనిషిని సుకుమారుడని తోసిపుచ్చకుండా ఉంటే చాలు.

మన మార్కెట్లో మరో చిక్కు ఉంది. ఎసిటాలోప్రామ్, క్లోనజెపామ్ కలిపిన మాత్ర విరివిగా దొరుకుతుంది. మొదటి రాత్రే పట్టే నిద్ర క్లోనజెపామ్ వల్ల. కుంగుబాటు మీద ఎసిటాలోప్రామ్ పని పూర్తిగా తెలియడానికి వారాలు పడుతుంది. రెండూ ఒకే మాత్రలో ఉంటే ఏది ఏం చేస్తోందో రోగికి అర్థం కాదు, ఒకదాన్ని ఆపి మరొకదాన్ని కొనసాగించే వీలూ ఉండదు. అలవాటు పడిపోతుందేమోనన్న ఇంటిల్లిపాది భయం క్లోనజెపామ్ విషయంలో న్యాయమైనదే. కలిపి ఇచ్చినందువల్ల ఆ నింద ఎసిటాలోప్రామ్ మీదా పడుతోంది. కొద్ది వారాలకే అవసరమైనదాన్ని నెలల తరబడి అవసరమైనదానితో ముడివేయడం సరైన పద్ధతి కాదు.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐలకు మత్తుమందుల్లా వెంపర్లాట ఉండదు. అయినా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం, పీడకలలు రావచ్చు. 2024లో హెన్స్లర్ బృందం చేసిన సమీక్ష ప్రకారం మందు ఆపినవారిలో 31 శాతానికి, ఉత్తి మాత్ర ఆపినవారిలో 17 శాతానికి ఇలాంటి లక్షణాలు వచ్చాయి. శరీరంలో నిదానంగా తగ్గే ఫ్లూఆక్సెటిన్‌తో ఈ బాధ తక్కువ, పరోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఎక్కువ. ఎలా తగ్గించాలో 2019లో హొరొవిట్జ్, టేలర్ చెప్పిన తర్కం తెలుసుకోదగ్గది. సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాముల దగ్గర మెదడులోని సెరోటోనిన్ వాహకాల్లో సుమారు 80 శాతాన్ని పట్టి ఉంచుతుంది. 2.3 మిల్లీగ్రాముల దగ్గరా దాదాపు 40 శాతాన్ని పట్టుకునే ఉంటుంది. అంటే 20 నుంచి 10కి దిగడం చిన్న మెట్టు, 5 నుంచి సున్నాకు దిగడం పెద్ద గెంతు. చివరి అడుగులే అతి చిన్నవిగా వేయాలి. దీర్ఘకాలం వాడి బాగున్న 478 మందితో బ్రిటన్‌లో జరిగిన ఆంట్లర్ ప్రయోగంలో ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టినవారు, మందు కొనసాగించిన వర్గంలో 39 శాతం, క్రమంగా ఆపిన వర్గంలో 56 శాతం. ఈ రెండు అంకెలూ రోగి ముందు పెట్టి, ఆపాలా వద్దా అన్నది ఆ మనిషితో కలిసి తేల్చుకోవాలి.

2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో కుంగుబాటు ఉన్నవారిలో సుమారు 85 శాతానికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులో లేవు. మన పల్లెల్లో మందు మొదలుపెట్టి మానేసినవారి లెక్క ఆ సర్వే నుంచి మనకు దొరకదు. ఆ లెక్క పోగుచేయడానికి మనోవైద్యులే కావాలని లేదు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2017లో ప్రకటించిన ప్రయోగంలో, వైద్యంతో సంబంధం లేని మామూలు మనుషులకు తర్ఫీదిచ్చి తీవ్రమైన కుంగుబాటుకు కౌన్సెలింగ్ ఇప్పిస్తే మంచి ఫలితం వచ్చింది. అంత పని చేయగలిగినవారు ఒక ఫోను చేసి దుష్ప్రభావాలు అడగలేరా? 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుతో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నడుస్తోంది. ఇప్పుడది రోగి ఫోను చేస్తే పలుకుతుంది. మందు మొదలైన పదో రోజున అటునుంచే ఫోను వచ్చే ఏర్పాటును ఒక జిల్లాలోనైనా పరీక్షించాలి. మాత్ర వేసుకుంటున్నారా, కడుపు ఎలా ఉంది, నిద్ర, అశాంతి, చావు ఆలోచనలు, భార్యాభర్తల మధ్య మార్పు, ఇంకే మాత్రలు వాడుతున్నారు అని అడిగి, ఆడవారికి ఆడవారే ఫోను చేసి, జవాబును చీటీ రాసిన వైద్యుడికి చేర్చాలి. మూడో నెలలో ఎందరు ఇంకా వాడుతున్నారో, ఎందరికి మందు మార్చారో, ఎందరు ఎందుకు మానేశారో ఫోను రాని మరో జిల్లాతో పోల్చి ప్రకటించాలి.