అర్థం తెలుసు, సందర్భం తెలీదు

హైదరాబాదులో నా మొదటి ఇంటర్వ్యూ. రిసెప్షన్‌లో ఉన్నావిడ "వుడ్ యూ మైండ్ వెయిటింగ్ ఫర్ టెన్ మినిట్స్?" అనడిగింది. "యెస్ మేడమ్" అని వినయంగా చెప్పి సోఫాలో కూర్చున్నాను. ఆవిడ ఒక్క క్షణం తెల్లబోయి, నవ్వాపుకుంది. 'మైండ్' అంటే మనసని ఆరో తరగతి నుంచీ తెలుసు నాకు. 'వెయిట్' స్పెల్లింగు నిద్రలో లేపినా చెబుతాను. కానీ ఆ ప్రశ్నకి 'యెస్' అంటే 'నాకు అభ్యంతరమే' అన్నట్టవుతుందని నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. చాన్నాళ్ళు ఆ నవ్వు గుర్తొస్తే ముడుచుకుపోయేవాణ్ణి.

తర్వాత 'కన్యాశుల్కం' మళ్ళీ చదివితే నాకు తోడు దొరికింది. 1892లో మొదటిసారి ప్రదర్శించిన ఆ నాటకం 1897లో అచ్చయింది, 1909లో బాగా పెరిగి, మారి మళ్ళీ వచ్చింది. అందులో వెంకమ్మ ముచ్చటపడి అడిగితే గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో 'మాట్లాడుకుంటారు'. ఒకరు పిల్లల పాట అందుకుంటే ఇంకొకరు రేఖాగణితం, ఒకరు కావ్యం మొదలుపెడితే ఇంకొకరు బహువచన సూత్రం. ఒక్క వాక్యానికీ పక్క వాక్యంతో సంబంధం లేదు. అర్థమేమిటని అగ్నిహోత్రావధాన్లు అడిగితే, సెలవుల్లో చదువు ఎలా సాగాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం సర్దేస్తాడు. మనం నవ్వుతాం. నేను మాత్రం సగమే నవ్వగలిగాను, ఎందుకంటే నా ఇంగ్లీషూ అదే.

ఈ జబ్బు ఇంగ్లీషుతో వచ్చింది కాదు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో బళ్ళారి కలెక్టరుగా అక్కడి బడుల మీద ఒక నివేదిక రాశాడు. పిల్లలు పద్యాలు ఎన్నైనా అప్పజెబుతారుగానీ, వాటి అర్థం చిలకకి తెలిసినంతే తెలుసన్నాడు. ఆ మాటలో దొరతనం ఉంటే ఉండొచ్చు. కానీ వల్లెవేయించే బడిలోకి రేపు ఏ భాష వచ్చినా జరిగేది అదే. గురజాడ వెక్కిరించింది ఇంగ్లీషుని కాదు, ఆ వల్లెవేతని అనిపిస్తుంది.

మరి మా అమ్మమ్మ? ఆవిడది గోదావరి జిల్లా, బడి మొహం చూడలేదు. ఊళ్ళో ఎవరికి దారి చెప్పినా "లాకుల దగ్గర దిగి" అనే మొదలుపెట్టేది. అది ఇంగ్లీషు మాటని ఆవిడకి తెలీదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలవల్లో పడవల్ని ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చడానికి తలుపులు కట్టారు. వస్తువుతోపాటే మాటా వచ్చింది, దాన్ని ఎవరూ బట్టీ పట్టలేదు. కోర్టు మెట్లెక్కిన రైతు నోట అప్పీలు, డిక్రీ, సమను పలికింది కూడా ఇలాగే. తప్పు చెబితే పొలం పోతుంది మరి!

ఇటునుంచి అటు వెళ్ళినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకి సి.పి. బ్రౌన్ 1854లో 'మిశ్రభాషా నిఘంటువు' వేశాడు. అంతకు రెండేళ్ళ ముందే ఇంగ్లీషు, తెలుగు నుడికారాల మీద 'వాక్యావళి' అనే అభ్యాసాల పుస్తకం తెచ్చాడు. పెద్ద నిఘంటువులు చేసిన మనిషికి కూడా విడి మాటలు చాలవనిపించిందన్నమాట.

నాకా ఉద్యోగం రాలేదు. ఏడాది తర్వాత ఇంకోచోట చేరాను. ఓ రోజు క్యాంటీన్లో ఒకమ్మాయి ట్రే పట్టుకుని నిలబడి, పక్క టేబుల్ అతన్ని "డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?" అంది. అతను తల కూడా సరిగా ఎత్తకుండా "నాట్ ఎటాల్, ప్లీజ్" అని, తన డబ్బా పక్కకి జరిపాడు. నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఓహో, ఇదా!

వారం తిరక్కుండా ఎవరో నా పక్క కుర్చీ కోసం అలాగే అడిగారు. "నాట్ ఎటాల్" అని నా డబ్బా పక్కకి జరిపాను. ఎవరూ నవ్వలేదు.