మన్యం ఆవాసాల జనసంఖ్య – రహదారి అనుసంధానం

మన్యంలోని ఒక గూడేనికి రహదారి మంజూరు కావడానికి మొదటి ప్రాతిపదిక అక్కడి జనసంఖ్య. దూరం, మధ్యనున్న వాగులు, కొండ ఏటవాలు తరువాత పరిశీలనకు వచ్చే అంశాలు.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నాటి అల్లూరి సీతారామరాజు జిల్లా విస్తీర్ణం 12,251 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ పరిధిలోని జనాభా సుమారు 9.54 లక్షలు. అనగా చదరపు కిలోమీటరుకు 78 మంది మాత్రమే. ఈ కొద్దిమంది కూడా ఒకచోట నివసించరు. ఒక రెవెన్యూ గ్రామం క్రింద పలు గూడేలు, కొండ శిఖరాలపై ఐదారు ఇండ్ల వాడలు ఉంటాయి. జనగణన పట్టికలలో అచ్చయ్యేది రెవెన్యూ గ్రామం మొత్తం. రహదారికి లెక్కించేది ఆవాసం. ఈ వ్యత్యాసమే అనేక దరఖాస్తులకు చిక్కుముడి.

2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతాలలో 500, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాలలో 250 మందికి పైబడిన ఆవాసాలను అర్హమైనవిగా నిర్ణయించినది. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలో ఈ పరిమితిని తరువాత 100కు తగ్గించారు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగవ దశ రూ.70,125 కోట్లతో 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రహదారులను ఉద్దేశించినది. దీనికి ఆధారం 2011 జనాభా లెక్కలే.

సంఖ్య చాలని ఆవాసాలకు ఒక వెసులుబాటు కలదు. పథకం మొదటి దశ మార్గదర్శకాల ప్రకారం మైదానంలో 500 మీటర్ల వ్యాసార్థంలోను, కొండ ప్రాంతంలో కాలిబాట వెంట 1.5 కిలోమీటర్లలోను ఉన్న ఆవాసాల జనాభాను కలిపి లెక్కించవచ్చు. నూటనలభై, నూటఇరవై మంది గల రెండు గూడేలు కలిసినప్పుడు 260 అగును. ఈ నిబంధన గ్రామస్థులకు తెలిసినది తక్కువ.

నూరు మంది కూడా లేని వాడల సంగతి వేరు. వెదురు బొంగుకు దుప్పటిని ఊయలగా కట్టి, నిండు గర్భిణులను భుజాన మోసుకువచ్చే డోలీ ప్రయాణాలు ఎక్కువగా అక్కడివే. అంబులెన్సు రహదారి చివర వేచియుండును. ప్రాణాపాయం అంతకు ముందరి కాలిబాటలోనే ఉన్నది. 2023 నవంబరు 15న ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకంలో కొండరెడ్డి, గదబ, పోర్జ, చెంచు మొదలైన ఆదిమ గిరిజన సమూహాల ఆవాసాలకు దేశవ్యాప్తంగా 8,000 కిలోమీటర్ల రహదారులు చేర్చినప్పటికీ, అక్కడ కూడా హద్దు 100 మందే. రాష్ట్రంలో 2025 ఏప్రిల్ 7న డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’ కార్యక్రమం ప్రారంభమైనది. రూ.1,005 కోట్లతో 625 ఆవాసాలను కలపడం దీని లక్ష్యం.

మంజూరు అనంతరం అటవీ అనుమతి అవసరమగును. 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(2) ప్రకారం గ్రామసభ సిఫారసుపై, ఒక్కొక్క పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, రహదారికి మళ్లించవచ్చు. ఐదు మీటర్ల వెడల్పు బాట రెండు కిలోమీటర్లకే హెక్టారు పూర్తి చేయును. అంతకు మించినచో 1980 అటవీ సంరక్షణ చట్టం క్రింద అనుమతి తీసుకొనవలెను.

సర్వకాల రహదారి అనగా తారు రోడ్డు అని అర్థం కాదు. వాన నీరు పోవుటకు తగిన కల్వర్టులు, కాజ్‌వేలు ఉండి అన్ని ఋతువులలో వాహనం నడవగలిగినచో చాలును. కాఫీ, మిరియాలు, పసుపు సంతకు చేర్చే జీపులకైనా, ఆర్టీసీ బస్సుకైనా కావలసినది అదే. తారు వేసి కల్వర్టు విడిచిన రోడ్డు తొలి వరదకే తెగిపోవును.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్ 16న కేంద్రం ప్రకటించినది. కొండపై విడిగా ఉన్న ఇంటివారు సైతం తమ కుటుంబంలోని ప్రతి ఒక్కరినీ గణకునిచేత నమోదు చేయించుకొనవలెను. 250 అవసరమైన చోట 247 నమోదైనచో, ఆ ముగ్గురి కోసం ఆవాసం మరుసటి గణన వరకు ఆగవలసి వచ్చును.