సభా దినచర్యలో ఒక క్రియాపదం: కడప ఉక్కు అంశం, పార్లమెంటు పత్రాలు

వ్యాససంగ్రహం

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, 2014 పదమూడో షెడ్యూలులో కడప జిల్లా ఉక్కు కర్మాగారానికి సంబంధించిన వాక్యాన్ని, అది ఆ తరువాత పార్లమెంటు దైనందిన కార్యక్రమాల్లో పొందిన రూపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జమ్మలమడుగు ఉక్కు అంశం ప్రధాన విషయం. ప్రొద్దుటూరు రైలుమార్గం, పులివెందుల ప్రాంతపు యురేనియం గని పోలికకోసం తీసుకున్నవి. తెలుగు ప్రజావ్యవహారంలో ‘విభజన హామీ’గా స్థిరపడిన అంశానికీ, చట్టపాఠంలోని క్రియాపదానికీ ఉన్న దూరాన్ని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: పార్లమెంటు, ప్రశ్నోత్తరాలు, పునర్విభజన చట్టం, పదమూడో షెడ్యూలు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల.

1. ఉపోద్ఘాతం

పార్లమెంటు అనగానే తెలుగు పాఠకునికి 2014 ఫిబ్రవరి గుర్తుకు వస్తుంది. ఆ నెల 13న లోక్‌సభలో పునర్విభజన బిల్లును ప్రవేశపెట్టినప్పుడు మిరియాల ద్రావణం చల్లిన ఘటన, 18న ప్రత్యక్ష ప్రసారం నిలిచిన స్థితిలో బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గడం, 20న రాజ్యసభ ఆమోదం, ఇవన్నీ జ్ఞాపకాలుగా, వ్యాసాలుగా, ఎన్నికల ప్రసంగాలుగా విస్తారంగా నమోదయ్యాయి. గొడవ జరిగిన రోజులకు చరిత్రకారులు సులభంగా దొరుకుతారు. గొడవ లేని రోజులకు దొరకరు. అయితే ఆ చట్టంలోని ఒక్కొక్క అంశం తరువాతి కాలంలో ఏమైందో తెలుసుకోవాలంటే ఎవరికీ గుర్తులేని మామూలు సభాదినాల కాగితాలనే తిరగవేయవలసి ఉంటుంది.

మామూలు సభాదినానికి ఒక క్రమం ఉంది. లోక్‌సభ ఉదయం 11 గంటలకు ప్రశ్నోత్తరాలతో మొదలవుతుంది. రోజుకు 20 నక్షత్రపు గుర్తు ప్రశ్నలు, 230 గుర్తులేని ప్రశ్నలు జాబితాకు ఎక్కుతాయి. మొదటి రకానికి మంత్రి సభలో నోటితో బదులిస్తారు, అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. రెండవ రకానికి లిఖితపూర్వక సమాధానాన్ని సభ ముందుంచుతారు, దానిపై చర్చ ఉండదు. 12 గంటలకు మంత్రులు వార్షిక నివేదికలు, నోటిఫికేషన్లు సభ ముందుంచుతారు. తరువాత జీరో అవర్, ఆపైన బిల్లులు, పద్దులు. శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు సభ్యుల బిల్లులకు, తీర్మానాలకు కేటాయింపు. స్వాతంత్ర్యానంతరం ఇంతవరకు 14 ప్రైవేటు సభ్యుల బిల్లులే చట్టాలయ్యాయి. చివరిది 1970లో అయింది. కాబట్టి ప్రతిపక్ష సభ్యుని చేతిలో నిజంగా మిగిలే సాధనాలు ప్రశ్న, కోత తీర్మానం, జీరో అవర్‌లో దొరికే కొద్ది నిమిషాలు.

కడప నియోజకవర్గానికి ఈ పరిమితి మొదటినుంచీ అనుభవమే. 1952లో తొలి లోక్‌సభకు ఇక్కడినుంచి ఎన్నికైన ఎద్దుల ఈశ్వరరెడ్డి జమ్మలమడుగు ప్రాంతంలోని పెద్దపసుపుల గ్రామస్థుడు, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. 1962, 1967, 1971లలో కూడా ఆయనే గెలిచాడు. నాలుగుసార్లూ ఆయన పార్టీ కేంద్రంలో అధికారంలో లేదు. కరువు, సాగునీరు ప్రధానమైన జిల్లానుంచి వెళ్లిన సభ్యుడు అధికారపక్షపు బలంతో కాక సభా నియమాలిచ్చిన సాధనాలతోనే పని చేయవలసివచ్చింది. ఆయన కాలపు సభాకార్యక్రమాల నివేదికల ఆధారంగా తెలుగులో సమగ్రమైన పరిశోధన జరగవలసి ఉంది.

2. పదమూడో షెడ్యూలు: వాక్య నిర్మాణం

2014 మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పొందిన పునర్విభజన చట్టం ఆ సంవత్సరపు 6వ నంబరు చట్టం. దాని 93వ సెక్షను, ఉభయ రాష్ట్రాల పురోగతికి, సుస్థిరాభివృద్ధికి పదమూడో షెడ్యూలులో పేర్కొన్న చర్యలన్నింటినీ నియమిత దినంనుంచి పదేళ్లలోగా కేంద్రప్రభుత్వం తీసుకోవాలని చెబుతుంది. నియమిత దినం 2014 జూన్ 2. ఈ సెక్షనును మాత్రమే చదివితే పదేళ్లలో ఉక్కు కర్మాగారం రావలసిందేనన్న అభిప్రాయం కలుగుతుంది. తెలుగు పత్రికల్లో, సభల్లో స్థిరపడిన అభిప్రాయం అదే.

షెడ్యూలును చదివితే విషయం మారుతుంది. అందులోని ఉక్కు వాక్యానికి కర్త కేంద్రప్రభుత్వం కాదు, భారత ఉక్కు ప్రాధికార సంస్థ, అంటే సెయిల్. కర్మ ఉక్కు కర్మాగారం కాదు, వై.ఎస్.ఆర్. జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగార స్థాపనకు గల సాధ్యాసాధ్యాలు. క్రియ ‘స్థాపించాలి’ కాదు, ‘పరిశీలించాలి’. గడువు ఆరు నెలలు. ఆ గడువు కూడా పరిశీలనకే గాని నిర్మాణానికి కాదు. ఖమ్మం జిల్లాకు సంబంధించిన వాక్యం కూడా ఇదే అచ్చులో పోసినది.

ఇరుగుపొరుగు వాక్యాలతో పోల్చినప్పుడు దీని బలహీనత మరింత స్పష్టమవుతుంది. చమురు శుద్ధి కర్మాగారం గురించిన అంశంలో కూడా సాధ్యాసాధ్యాల పరిశీలనే ఉంది. కాని అక్కడ ‘దానిపై సత్వర నిర్ణయం తీసుకోవాలి’ అనే అర్థంలో మరొక క్రియ చేరింది. కొత్త రైల్వే జోను అంశంలోనూ ఆ రెండవ క్రియ ఉంది. ఉక్కు అంశాల్లో లేదు. ఒకే షెడ్యూలులో, ఒకే శీర్షిక కింద, కొన్ని పంక్తుల వ్యవధిలో కనిపించే ఈ భేదం ముసాయిదా రచనలో యాదృచ్ఛికంగా జారిందా, ఉద్దేశపూర్వకంగా విడిచిపెట్టారా అన్నది వేరే ప్రశ్న. ఫలితం మాత్రం ఒక్కటే: పరిశీలించిన తరువాత ఏం చేయాలో వాక్యం చెప్పలేదు.

అయితే బలమైన క్రియ ఉన్నంతమాత్రాన పని జరుగుతుందని అనుకోవడానికి వీలులేదు. అదే షెడ్యూలు దుగరాజపట్నం వద్ద కొత్త భారీ ఓడరేవును కేంద్రప్రభుత్వం అభివృద్ధి చేయాలనీ, తొలిదశ 2018 చివరికి పూర్తికావాలనీ నిర్దేశించింది. అక్కడ పరిశీలన ప్రసక్తి లేదు. గడువు ముగిసినా ఓడరేవు రాలేదు. తేడా ఫలితంలో కాదు, సంజాయిషీలో ఉంది. దుగరాజపట్నం విషయంలో కేంద్రం ప్రత్యామ్నాయ స్థలం గురించి మాట్లాడవలసివచ్చింది. ఉక్కు విషయంలో ‘పరిశీలించాం, గిట్టుబాటు కాదని తేలింది’ అంటే చట్టాన్ని అమలుచేసినట్టే అవుతుంది.

వాక్యం ఇలా ఉండగా దీనికి ‘హామీ’ అనే పేరు ఎలా వచ్చింది? రాజ్యసభలో ఫిబ్రవరి 20న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రకటించిన ఐదేళ్ల ప్రత్యేక హోదా చట్టంలో లేదు, సభాకార్యక్రమాల నివేదికలో ఉంది. ఉక్కు చట్టంలో ఉంది, కాని కర్మాగారంగా లేదు. మాటలో ఉన్నదీ, చట్టంలో ఉన్నదీ రెండూ తెలుగులో ‘విభజన హామీలు’ అనే ఒకే సమాసంలో కలిసిపోయాయి. చట్టాల ప్రాంతీయ భాషానువాదాలకు ప్రామాణికత కల్పించే కేంద్రచట్టం 1973నుంచి అమలులో ఉన్నప్పటికీ, సామాన్యునికి చట్టం చేరేది పత్రికాభాష ద్వారానే. ఆ భాష క్రియను వదలి నామవాచకాన్ని ఉంచుకుంది. ‘కడప ఉక్కు’ అనే రెండు మాటలు నినాదానికి సరిపోయాయి. ‘సాధ్యాసాధ్యాల పరిశీలన’ నినాదానికి పనికిరాదు.

3. లిఖిత సమాధానాల్లో ఉక్కు

చట్టం వచ్చిన తరువాత ఈ అంశం ఎక్కువగా గుర్తులేని ప్రశ్నల్లోనే జీవించింది. ఉక్కు మంత్రిత్వశాఖ సమాధానాల సారాంశం దాదాపు స్థిరమైనది. 2014లో సెయిల్ తయారుచేసిన సాధ్యాసాధ్యాల నివేదిక ప్రకారం ప్రాజెక్టు ఆర్థికంగా లాభసాటి కాదు. అయినప్పటికీ అవకాశాలను అన్వేషించడానికి 2016లో రాష్ట్రప్రభుత్వాలు, సెయిల్, మెకాన్ తదితర సంస్థల ప్రతినిధులతో ఒక టాస్క్‌ఫోర్సు ఏర్పాటయింది. మొదటి వాక్యం తలుపు మూస్తుంది, రెండవది దాన్ని కొద్దిగా తెరచి ఉంచుతుంది. 2018 జూన్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకు సమర్పించిన అఫిడవిట్‌లో లాభసాటి కాదన్న వైఖరే ప్రధానమైనప్పుడు జిల్లాలో ఆందోళన తీవ్రమైంది. యర్రగుంట్ల మండలం పొట్లదుర్తికి చెందిన నాటి రాజ్యసభ సభ్యుడు సి.ఎం. రమేష్ కడపలో నిరాహారదీక్షకు కూర్చున్నది ఆ నెలలోనే.

సభా నియమాల వైపునుంచి చూస్తే ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. మంత్రులు సభలో ఇచ్చే హామీలను గమనించడానికి లోక్‌సభలో 1953నుంచి, రాజ్యసభలో 1972నుంచి ప్రభుత్వ హామీల కమిటీలు పనిచేస్తున్నాయి. ఏయే మాటలు హామీగా లెక్కకు వస్తాయో ఒక ప్రామాణిక జాబితా ఉంది. ‘విషయం పరిశీలనలో ఉంది’ అన్న మాట ఆ జాబితాలోనిదే. మంత్రి ఆ మాట అంటే సాధారణంగా మూడు నెలల్లో నెరవేర్చి కమిటీకి తెలపాలి. అంటే సభ తన దినచర్యలో ‘పరిశీలన’ అనే మాటకు ఇచ్చిన బరువు, తాను చేసిన చట్టంలో అదే మాటకు దక్కిన బరువుకన్నా ఎక్కువ. మంత్రిత్వశాఖలు సమాధానాలను ఎంత జాగ్రత్తగా రాస్తాయో దీనివల్ల అర్థమవుతుంది. టాస్క్‌ఫోర్సు ‘ఏర్పాటయింది’ అన్నది జరిగినదాని కథనం, అందులో జరగబోయేదాని ప్రస్తావన లేదు.

ఈలోగా జమ్మలమడుగు ప్రాంతంలో శంకుస్థాపనలు సాగుతూ వచ్చాయి. పునర్విభజనకు ముందే, 2007లో, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బ్రహ్మణీ స్టీల్స్‌కు పునాదిరాయి వేశారు. దానికి పదివేల ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. 2018 డిసెంబరు 27న మైలవరం మండలం కంబాలదిన్నె వద్ద ఎన్. చంద్రబాబునాయుడు, 2019 డిసెంబరు 23న జమ్మలమడుగు మండలం సున్నపురాళ్లపల్లె వద్ద వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. 2023 ఫిబ్రవరి 15న జె.ఎస్.డబ్ల్యు. సంస్థ భాగస్వామ్యంతో అదే చోట మళ్లీ భూమిపూజ జరిగింది. ఇవన్నీ ముఖ్యమంత్రుల చేతులమీదుగా జరిగినవి. షెడ్యూలులో కర్తగా ఉన్న సెయిల్ పేరు ఈ రాళ్లలో దేనిమీదా లేదు. కేంద్రచట్టం పరిశీలనతో ఆగినచోట రాష్ట్రప్రభుత్వాలు పునాదితో మొదలుపెట్టాయి.

4. పద్దులో ప్రొద్దుటూరు, జవాబులో పులివెందుల

సభ దినచర్యలో ఒక ప్రాంతం చేరడానికి షెడ్యూలు ఒక్కటే దారి కాదు. ప్రొద్దుటూరు దీనికి మంచి ఉదాహరణ. బంగారం, పత్తి వ్యాపారాలతో పేరుపొందిన ఈ పట్టణానికి చాలాకాలం రైలు లేదు. పందొమ్మిదో శతాబ్దంలో వేసిన మద్రాసు–బొంబాయి మార్గం యర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా వెళ్లింది. ప్రొద్దుటూరు వర్తకుడు రైలెక్కాలంటే యర్రగుంట్లకు పోవలసిందే. 123 కిలోమీటర్ల నంద్యాల–యర్రగుంట్ల మార్గం 1996–97లో మంజూరై, 2016 ఆగస్టులో పూర్తిగా ప్రయాణికులకు అందింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు రెండింటికీ స్టేషన్లు వచ్చాయి. సుమారు ఇరవై ఏళ్లు!

ఇరవై ఏళ్లపాటు ఆ మార్గాన్ని బతికించినది ప్రసంగం కాదు, ఏటా రైల్వే పద్దులో దానికొక వరుస ఉండటం. 1924నుంచి 2016 వరకు రైల్వేకు వేరే బడ్జెట్ ఉండేది. పింక్ బుక్‌గా పిలిచే పట్టికలో ఒకసారి చేరిన పని, ఆ ఏడు కేటాయింపు ఎంత స్వల్పమైనా, మరుసటి ఏడు మళ్లీ కనిపించేది. చర్చకు వ్యవధి చాలని పద్దులను చివరిరోజున గిలటిన్ పద్ధతిలో ఒక్కుమ్మడిగా ఓటుకు పెడతారు. ఏ సభ్యుడూ ప్రొద్దుటూరు పేరెత్తని రోజున కూడా ప్రొద్దుటూరు మార్గానికి డబ్బు మంజూరు కావచ్చు. ఉక్కు అంశానికి ఇటువంటి వరుస ఏ పద్దులోనూ దక్కలేదు. పట్టుమని ఒక్క వాక్యంగా చట్టంలో ఉండటంకన్నా పేరులేని అంకెగా పట్టికలో ఉండటమే ప్రొద్దుటూరుకు మేలుచేసింది.

పులివెందుల సంగతి మరొక విధం. వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గనికి ప్రత్యేక చట్టంతో పనిలేదు. 1962 నాటి అణుశక్తి చట్టం, కేంద్రమంత్రివర్గ నిర్ణయం చాలాయి. 2007 నవంబరులో శంకుస్థాపన జరిగింది, 2012లో శుద్ధి కర్మాగారం మొదలైంది. ఉక్కుకు సాధ్యం కాని వేగం యురేనియంకు సాధ్యమైంది. ఇక్కడ పార్లమెంటు ముందుగా కాక తరువాత వచ్చింది. నిల్వలెన్ని, ఉత్పత్తి ఎంత, వ్యర్థాల చెరువు పరిసరాల్లో భూగర్భజలం ఎలా ఉంది అన్నవి ప్రశ్నలుగా సభకు చేరాయి. అణుశక్తి శాఖ ప్రధానమంత్రి ఆధీనంలో ఉంటుంది గనుక బదులిచ్చేది సాధారణంగా ప్రధాని కార్యాలయ సహాయమంత్రి. అరటితోటల రైతు బోరునీటి గురించి చేసిన ఫిర్యాదు ఢిల్లీలో ఎ, బి, సి, డి భాగాలుగా విడిపోయి, ఒక పేజీ సమాధానమై తిరిగివస్తుంది. ఆ ఒక్క పేజీయే అయినా, అణుశక్తి చట్టం సమాచార వెల్లడిపై ఆంక్షలు పెట్టిన రంగంలో, పరిశోధకునికి బహిరంగంగా లభించే అధికారిక ఆధారాల్లో అది ఒకటి.

ఈ కారణంచేత లిఖిత సమాధానాలను జిల్లా చరిత్రకు మూలాధారాలుగా తీసుకోవడం అవసరం. కైఫీయతులను, శాసనాలను శ్రద్ధగా పరిష్కరించిన కడప జిల్లా పరిశోధనా సంప్రదాయానికి ఇది కొత్త విద్య కాదు. శాసనంలో దానం చేసినవాడెవరు, ఏమిచ్చాడు, ఏ షరతుపై ఇచ్చాడు అని అడిగే పద్ధతినే ఇక్కడ కర్త, కర్మ, క్రియలకు వర్తింపజేయాలి. లోక్‌సభ, రాజ్యసభల ప్రశ్నోత్తరాలు అంతర్జాలంలో అందుబాటులో ఉన్నాయి. వాటిని నియోజకవర్గాల వారీగా తెలుగులో సూచీకరించిననాడు జమ్మలమడుగు గురించి ఎన్నిసార్లు అడిగారో, ఏ ఏడు జవాబులో ఏ మాట మారిందో తేదీలతో చెప్పవచ్చు.

93వ సెక్షను నిర్దేశించిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. సెయిల్‌కు ఇచ్చిన ఆరు నెలల గడువు అంతకు చాలాముందే, 2014 డిసెంబరు మొదట్లోనే ముగిసింది. మొదటి తేదీన రాష్ట్రమంతటా హామీల లెక్కలు తీశారు. షెడ్యూలు పాఠం ప్రకారం ఉక్కు లెక్క తేలవలసిన రోజు రెండవది.