మామూ తమంచా

మొన్న ఇత్వార్ నాడు గుంటూరు నుంచి మామూ ఫోన్ చేశారు. మామూ అంటే మా అమ్మీకి పెద్ద తమ్ముడు. వయసు 78. నలభై ఏళ్ళు మిర్చి యార్డులో కమీషన్ దుకాణం నడిపిన మనిషి. సలాం దువా అయ్యాక అసలు సంగతికి వచ్చారు. “బేటా, ఆ తమంచా మార్చేద్దామా అని ఆలోచిస్తున్నా. నువ్వు పేపర్లో పనిచేసేవాడివి, చట్టాలూ గిట్టాలూ తెలిసినవాడివి. కాస్త మష్వరా చెప్పు.”

ఆయన దగ్గరున్నది వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ రివాల్వరు. పాయింట్ 32 బోరు, బర్మింగ్‌హామ్ సరుకు. 1981లో లైసెన్సు వచ్చాక ఒక రిటైరైన అధికారి దగ్గర కొన్నారు. 44 ఏళ్ళలో పేల్చింది ఆరంటే ఆరు తూటాలు, అవీ పోలీసుల ఫైరింగ్ రేంజిలో. మిగతా కాలమంతా బీరువాలో, మా నానీ కుట్టిన మఖ్మల్ సంచిలో పడుంది. వానాకాలం ముందు ఒకసారి, వెళ్ళాక ఒకసారి నూనె గుడ్డతో తుడుస్తారు. ఇప్పుడు హైదరాబాదులో ఒక డీలరు కబురు పంపాడట. అది ఇచ్చేస్తే కొత్త ‘నిర్భీక్’ ఇస్తాడు, పైన డబ్బు కూడా ఇస్తాడు. పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటే ఎదురు డబ్బు ఇచ్చే బేరం మామూ తన జిందగీలో ఎక్కడా చూడలేదు. అందుకే షక్.

బేరంలో మోసం లేదు. దేశంలోకి మామూలు జనం కోసం తుపాకుల దిగుమతి 1980ల నడుమ ఆగిపోయింది. అంతకుముందు వచ్చిన విదేశీ రివాల్వర్లే చేతులు మారుతూ ఉంటాయి. సరుకు పెరగదు, షౌకీన్లు పెరుగుతారు. ధర సంగతి మిర్చి వ్యాపారికి నేను చెప్పక్కర్లేదు. పైగా పాయింట్ 38 లాంటివి ఫౌజు, పోలీసుల బోర్లు, మామూలు మనిషికి మనాహీ. అనుమతి ఉన్నవాటిలో పాయింట్ 32కే గిరాకీ. నిర్భీక్ కాన్పూరు ఆయుధ కర్మాగారంలో తయారైంది. 2012 ఢిల్లీ ఘటన తర్వాత ఆడవాళ్ళ కోసమని 2014 జనవరిలో బజారులోకి తెచ్చారు. టైటానియం కలిసిన లోహం, అర కిలో బరువు. అప్పటి ధర 1,22,360 రూపాయలు. ఆ ధరకు కొనుక్కోగలిగిన ఆడవాళ్ళు రాత్రిపూట బస్సు కోసం నిలబడతారా అని అప్పుడే చాలామంది అడిగారు.

తమాషా ఏమిటంటే, కాన్పూరు పాయింట్ 32 రివాల్వర్లకు నమూనా వెబ్లీయే. నిర్భీక్ కూడా ఆ ఖాందాన్‌దే. అంటే మామూ తాతను ఇచ్చి మనవణ్ణి తెచ్చుకోవాలి. ఇదే మాట ఫోన్లో అంటే ఆయన నవ్వలేదు. “తాతను అమ్ముకుంటామా రా?” అన్నారు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు మాటల సంగతి. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి కాబట్టి నాకిదొక జబ్బు. తమంచా, తుపాకి రెండూ తుర్కీ ఇంటి బిడ్డలు. బందూకు అరబ్బీ. బారూదును తెలుగువాళ్ళు మందు అనేశారు, అది వైద్యుడి దగ్గరికీ, సారా దుకాణానికీ, తుపాకీకీ ఒకే మాటయి కూర్చుంది. ఇక ఆయుధం కోసం ఆఫీసుకు వెళ్తే దరఖాస్తు, మంజూరు, రద్దు, జప్తు, ఠాణా, అన్నీ మన ఫార్సీ, ఉర్దూ గుమాస్తాల నోటి మాటలే. లైసెన్సు ఒక్కటే అంగ్రేజీ. అది ఎప్పుడు వచ్చిందో చూస్తే ఎందుకు అంగ్రేజీయో తెలుస్తుంది.

1788లో గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ కిందికి వచ్చింది. 28 ఏళ్ళకు, 1816 మార్చిలో, పిండారీల గుర్రపు దండు ఈ నేల మీద పడింది. గుంటూరు, కడప వైపు పది పన్నెండు రోజుల్లో వాళ్ళు చేసిన పనిని కంపెనీవాళ్ళు తర్వాత లెక్కగట్టారు: దోచిన గ్రామాలు 339, చంపిన మనుషులు 182, గాయపడినవాళ్ళు 505, చిత్రహింసలు పడినవాళ్ళు 3,603. పిండారీలంటే తురకలే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ దండుల్లో ముసల్మానులూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. దోపిడీకి మజహబ్ ఎక్కడిది? నాకు ఈ కథలో ముఖ్యమనిపించేది ఇంకోటి. గుంటూరులో కలెక్టరు ఇంటి దగ్గర కొద్దిమంది సిపాయిలు నిలబడి ఖజానాను కాపాడారు. పట్నంలో ఇళ్ళు మాత్రం దోపిడీ అయ్యాయి. తుపాకి ఎవరి హిఫాజత్ కోసం ఉందో జనానికి ఆరోజే అర్థమై ఉంటుంది.

1857 గదర్ తర్వాత తెల్లవాళ్ళకు జనం చేతిలోని ఆయుధమంటే భయం పట్టుకుంది. 1878లో వైస్రాయ్ లిట్టన్ రెండు చట్టాలు తెచ్చాడు. ఒకటి దేశభాషా పత్రికల నోరు కట్టేది. రెండోది ఆయుధాల చట్టం. హిందుస్తానీ మనిషి తుపాకి పెట్టుకోవాలంటే సర్కారు లైసెన్సు కావాలి, యూరపువాళ్ళకు అక్కర్లేదు. పత్రికల చట్టాన్ని రిపన్ 1882లో ఎత్తేశాడు. ఆయుధాల చట్టం మార్పులతో 1959 దాకా బతికింది. కలానికి నాలుగేళ్ళు, తుపాకికి 81 ఏళ్ళు. కలం మనిషిని గనక ఈ లెక్క నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

ఈ మధ్యలోనే మన జిల్లాలో పెదనందిపాడు పన్నుల నిరాకరణ జరిగింది, పల్నాడులో పుల్లరి గొడవ జరిగింది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు చచ్చిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడ్డది దేనికి? తుపాకుల కోసమే. అవి ఠాణాల్లో తప్ప ఇంకెక్కడా లేవు మరి.

అందుకే 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, ప్రాథమిక హక్కుల జాబితాలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేర్చారు. చాలామందికి ఇది తెలియదు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ మాటనే గుర్తుచేసి, ఆయుధ హక్కును రాజ్యాంగంలో పెట్టమని సవరణ తెచ్చారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు. సవరణ వీగిపోయింది. ఆ విధంగా మన దేశంలో తుపాకి హక్కు కాలేదు, మంజూరుగానే మిగిలింది. నా రాయి చెప్పాలంటే అంబేద్కర్ చేసిందే సహీ. కానీ మంజూరు అన్నాక, ఎవరికి మంజూరు అన్న సవాలు వస్తుంది.

1959 చట్టం కాగితం మీద బాగానే ఉంది. పంటకు కాపలాగా పాతకాలపు మందుకూరే తుపాకికి రైతు అడగవచ్చు. అడవి పందుల బాధ పడే మన మెట్ట పొలాల రైతులకు ఆ వాక్యం విలువ తెలుసు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ లైసెన్సు కాదనకూడదని 14వ సెక్షన్‌లో రాసి ఉంది. చదవడానికి ఎంత ఖూబ్‌సూరత్ వాక్యం! మామూని అడిగాను, మీ జమానాలో మన తాలూకాలో లైసెన్సులు ఎవరికి ఉండేవని. ఆసాములకు, రైసుమిల్లు యజమానులకు, పొగాకు వ్యాపారులకు, మాజీ ఫౌజీలకు. “కూలోళ్ళెవరైనా అడిగారా?” అన్నాను. “అడగొచ్చని వాళ్ళకి చెప్పిందెవరు?” అన్నారు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. గొడ్డళ్ళు, బరిసెలు చాలాయి. చంపడానికి ఇక్కడ తుపాకి అక్కర్లేకపోయింది. ఆ తర్వాత వచ్చిన 1995 నాటి అత్యాచార నిరోధక నియమాల్లో 3వ నియమం చదవండి. దౌర్జన్యాలు జరిగే అవకాశమున్న చోట, అవసరమనుకుంటే దళిత, ఆదివాసీలు కాని వాళ్ళ లైసెన్సులు రద్దుచేసి ఆయుధాలను సర్కారు ఆయుధాగారంలో పెట్టించవచ్చు. దళితులకు, ఆదివాసీలకు ఆత్మరక్షణకు లైసెన్సులు ఇవ్వవచ్చు. దేశంలో లైసెన్సులు ఎవరి చేతుల్లో ఉన్నాయో సర్కారే కబూల్ చేసిన పత్రం నా ఎరుకలో ఇదొక్కటే. నేను విలేకరిగా రెండు జిల్లాలూ తిరిగాను. ఆ నియమం కింద తుపాకి అందుకున్న మనిషి నాకు ఒక్కడూ ఎదురుపడలేదు.

మరి ఒక ముసల్మాను మిర్చి వ్యాపారికి లైసెన్సు ఎలా వచ్చింది?

1981లో యార్డు లావాదేవీలన్నీ రొక్కమే. చిలకలూరిపేట, అద్దంకి, దర్శి వైపు రైతులకు రాత్రిపూట మోటారుసైకిలు మీద డబ్బు సంచులు చేరవేసేవారు. రొంపిచర్ల దగ్గర ఎవరో సంచి లాక్కోబోతే దరఖాస్తు పెట్టారు. (మా ముమానీ మాత్రం ఇప్పటికీ అంటుంది, గుంటూరోడికి తమంచా ఎందుకు, గుప్పెడు కారం జేబులో వేసుకుంటే సరిపోయేది కదా అని.) తాసిల్దారు విచారించాడు, ఎస్సై విచారించాడు. ఎస్సై రిపోర్టులో ఒక వాక్యం ఉందట: అర్జీదారు మంచి నడవడిక గలవాడు, ఊరిలో గౌరవం గలవాడు. ఎవరో గుమాస్తా చూపిస్తే మామూ చదివారు. 44 ఏళ్ళయినా ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా చెప్తారు. తూటాలు ఎన్ని మిగిలాయంటే మాత్రం లెక్కపెట్టుకోవాలి.

అప్పటి నుంచి 2019 దాకా మూడేళ్ళకోసారి రెన్యూవల్. 1993లో, బాబ్రీ కూలిన మరుసటి ఏడాది, భయపడుతూ వెళ్ళారు. ఎవరూ ఏమీ అడగలేదు, చాయ్ కూడా ఇచ్చారు. 2008లో అలా జరగలేదు. అంతకుముందు ఏడాది మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిందీ మనవాళ్ళే, ముందు అనుమానించిందీ మనవాళ్ళనే. విచారణకు వచ్చిన కుర్ర పోలీసు వరండాలో కూర్చొని అడిగాడట: “మీ చుట్టాలు హైదరాబాదులో ఎవరెవరు ఉన్నారు? మీ ఇంటికి ఎవరెవరు వస్తుంటారు?” మామూ జాబితా చెప్పారు. అందులో నా పేరు కూడా చెప్పారు. లైసెన్సు రెన్యూ అయింది. ఆ సాయంత్రం అన్నం తినలేదని ముమానీ చెప్పింది.

నాకు అప్పుడు తెలిసింది, ఈ మార్పిడిలో మామూ భయం దేనికో. తమంచా మార్చాలంటే ఫోను మార్చినట్టు కాదు. అమ్మేముందు జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి ఠాణాకో రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. కొత్తదాన్ని లైసెన్సులో ఎక్కించడానికి మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ విచారణ. మళ్ళీ ఒక కుర్రవాడు వరండాలో కూర్చుంటాడు. 78 ఏళ్ళ వయసులో నడవడిక గురించి ఏ వాక్యం రాస్తాడో?

వారసత్వపు దారి ఒకటుంది. 2016 నియమాల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళు దగ్గరున్నా, వారసుడి పేరు చెప్పవచ్చు. కొడుకు టెక్సాసులో ఉన్నాడు. అక్కడ దుకాణానికెళ్ళి ఫారం నింపితే సాయంత్రానికి తుపాకి చేతికొచ్చే చోట ఉంటూ, “అబ్బా, ఆ ఇనుము సరెండర్ చేసేయండి” అంటాడు. కూతురు ఒంగోలులో లెక్చరరు. నిర్భీక్ అన్న మాట మామూకి నచ్చింది బిడ్డ కోసమే. ఆమె ఫోన్లో చెప్పిన జవాబు: “నేను క్లాసులోకి ఏం పట్టుకెళ్ళాలి అబ్బా, అటెండెన్స్ రిజిస్టరా, రివాల్వరా?”

పోయిన జుమ్మా రోజు వెళ్ళాను. బీరువా తీసి సంచి విప్పారు. నేను దాన్ని చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి. నేను ఎన్నడూ అడగని సంగతి ఆయనే చెప్పారు. 1987లో పత్తి మీద తెల్లదోమ పడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు తోటకు కొట్టాల్సిన మందు తాము తాగి చనిపోయిన రోజులు. మామూ మిర్చితోపాటు పత్తికీ అడ్వాన్సులు ఇచ్చేవారు. వసూలుకని పర్చూరు వైపు ఒక ఊరు వెళ్ళారు. సంచిలో తమంచా ఉంది. ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఆ రైతు భార్య బయటికి వచ్చి, ఈయన సంచి వంక చూసి, “డబ్బు లేదయ్యా, మమ్మల్ని కాల్చినా లేదు” అంది.

“సంచిలో ఏముందో ఆమెకి ఎట్లా తెలుసు?” అన్నాను.

“అందరికీ తెలుసు బేటా. తెలియాలనే కదా పెట్టుకునేది.”

ఆ రోజు అడగకుండా వెనక్కి వచ్చేశారు. తర్వాత ఎప్పుడూ దాన్ని ఊళ్ళలోకి తీసుకెళ్ళలేదు. కానీ లైసెన్సు వదల్లేదు. ఎందుకు వదల్లేదని నేను అడగలేదు. ఎస్సై రాసిన వాక్యం నాకూ కంఠతా వచ్చేసింది కదా.

నా మష్వరా నేను చెప్పాను. డీలరు మాట ధరలో సరైనదే కానీ, అమ్మాక నిర్భీక్ కొనకండి. ఆ వసూళ్ళూ లేవు, ఆ రాత్రి ప్రయాణాలూ లేవు. కొత్తది తెచ్చినా దాని జాగా ఇదే బీరువా. ఈ ఏడాది రెన్యూవల్ గడువుకు ముందే రాసిచ్చేయండి. అప్పుడు విచారణకి ఎవరూ రారు.

మామూ చాలాసేపు మాట్లాడలేదు. మగ్రిబ్ నమాజు చేసి వచ్చి కాగితం తీసుకోమన్నారు. ఆయన ఉర్దూలో చెప్తుంటే నేను తెలుగులో దరఖాస్తు రాశాను. అమ్మకానికి కారణం అన్న చోట ఏం రాయమంటారని అడిగాను.

“ఇప్పుడు డబ్బంతా బ్యాంకులోనే పడుతోందని రాయి” అన్నారు. దస్తఖత్ చేసి, లైసెన్సు పుస్తకం నా చేతికిచ్చి, అప్పజెప్పే ముందు అన్ని పేజీలూ రెండు సెట్లు జిరాక్సు తీయించమన్నారు. ఒకటి ఒంగోలుకి, ఒకటి టెక్సాసుకి.