చెరకు సీమలో కార్జం: ఒక విషం కథ

మా నిజామాబాదు వైపు ఎవరికైనా కార్జం (కాలేయాన్ని మేమట్లా అంటాము) చెడి పొట్టలోకి నీరు చేరితే, లోకం వేసే మొదటి ప్రశ్న "తాగుతాడా?" అని. ఈ అనుమానానికి ఈ నేలలో ఒక చరిత్ర లేకపోలేదు. 1931లో నిజాంసాగరు పూర్తయి మంజీర నీళ్ళు బోధన్ పొలాలకు పారాయి. 1937లో శక్కర్‌నగరులో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. చెరకున్న చోట బెల్లం, బెల్లమున్న చోట గుడుంబా. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినా ఆ ప్రశ్న మాత్రం నిలిచే ఉంది. చుక్క ముట్టని ఇల్లాలికి హెపటైటిస్-బి వచ్చినా ముందు సంజాయిషీ చెప్పుకోవలసింది ఆ ఇల్లే. ఇది అన్యాయమని నా అభిప్రాయం.

నిజానికి ఆ వైరస్‌కు పేగుల్లోనే ఒక తోడు ఉంది. 1892లో బెర్లినులో, కోఖ్ శిష్యుడు రిచర్డ్ ఫైఫర్, వేడితో చంపిన కలరా క్రిములను గినీ పందులకు ఎక్కించాడు. క్రిములు చచ్చినవే, అయినా పందులు మరణించాయి! విషం క్రిమి స్రవించేది కాదనీ, దాని ఒంటిలోనిదేననీ గ్రహించి ఎండోటాక్సిన్ అని పేరు పెట్టాడు. అంతర్విషం అందాము.

ఇటువంటి విషం మోసే బాక్టీరియా మన పేగుల్లో కోటానుకోట్లు. గోడ దాటి రక్తంలోకి జారిన కాస్త విషాన్నీ కాలేయంలోని కుప్ఫర్ కణాలు కావలివారిలా పట్టి మింగుతాయి. వైరస్ ఏళ్ళ తరబడి తిష్ఠ వేసి కాలేయం మచ్చలు కట్టేనాటికి పేగు గోడ వదులవుతుంది, విషం పెరుగుతుంది, కావలి కణాలే రగిలి మచ్చలను మరింత పెంచుతాయి. మద్యం కూడా ఆ గోడనే వదులు చేస్తుంది. కనుక తాగుడు నిర్దోషి కాదు, అయితే తాగనివారికీ ఈ దారి తెరిచే ఉంటుంది.

2015లో తైవాన్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితం మరీ వింత. ఎదిగిన ఎలుకలు హెపటైటిస్-బిని వదిలించుకోగలవు. యాంటీబయాటిక్స్‌తో వాటి పేగు బాక్టీరియాను చంపితే వదిలించుకోలేవు. అంతర్విషాన్ని గుర్తుపట్టే గ్రాహకం పనిచేయని లేత ఎలుకలు మాత్రం త్వరగానే వదిలించుకున్నాయి. మనుషుల్లోనూ పుట్టుకతో సోకినవారిలో సుమారు 90 శాతం మందికి అది దీర్ఘవ్యాధి అవుతుంది, పెద్దయ్యాక సోకితే 5 శాతంలోపే. పేగుల్లో బాక్టీరియా ఇంకా కుదురుకోని వయసు ఇందుకొక కారణం కావచ్చునని వారి ఊహ.

1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఈ వ్యాధికి టీకాను ఈస్టులో పెంచి తెచ్చింది. ఈస్టులో అంతర్విషం ఉండదు. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు మొదటి మోతాదు వేయించాలి.