ఉక్కు లోపలి చూపు

బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారముతో పెరిగిన ఖరగ్‌పూరు, బ్రతుకుతెరువునకై వచ్చిన తెలుగు కుటుంబములకు రెండవ పుట్టినిల్లు. పూర్వము బండి ఆగగానే పరీక్షకుడు చక్రమును సుత్తితో తట్టి, నాదమునుబట్టి పగులును పసిగట్టుచుండెడివాడు. అయితే ఆ పగులును పుట్టించి పెంచు లోపలి బిగువు చెవికి అందదు. దానిని కొలువబోయిన సాధారణ ఎక్సుకిరణములు ఉక్కు పైపొర వద్దనే ఆగిపోవును.

1932లో చాడ్విక్ కనుగొనిన న్యూట్రానునకు విద్యుదావేశము లేదు. అందుచే అది ఉక్కులో అంగుళమునకు పైగా చొచ్చుకొనిపోగలదు. పరమాణువుల వరుసలను తాకి అది చెదరు కోణమును కొలిచినచో వరుసల నడిమి ఎడము తెలియును. ఎడమునుబట్టి బిగువు తెలియును. వస్తువును కోయనక్కరలేదు.

ఈ విద్యకు బాట వేసిన షల్, బ్రాక్‌హౌస్ పండితులకు 1994లో నోబెల్ బహుమానము లభించినది. కెనడాలో బ్రాక్‌హౌస్‌తో పనిచేసిన పి. కె. అయ్యంగార్, 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టరు వెలసిన పిమ్మట, దీనిని మన దేశమున పాదుకొల్పిరి.

న్యూట్రానులకు రియాక్టరు వంటి సాధనము వలయును గనుక ప్రతి చక్రమును ఇట్లు పరీక్షింపజాలము. కాని విదేశములందు రైలుపట్టాల ముక్కలను ఈ విధముగా శోధించి, తయారీలోను వాడుకలోను బిగువు ఎచ్చట మిగులునో తెలిసికొనిరి. సుత్తి పట్టిన మన పెద్దల చెవియు, న్యూట్రాను చూపును కాచునది ఒక్కటే: ప్రయాణికుని ప్రాణము.